ఎడమ పక్క ఎర్ర నూలు

పోయినవి ఏడు. తల మీది జుట్టు ఒకటి. అది రెండు నెలల్లో మొలిచింది కాబట్టి వదిలేసినా నష్టం లేదు గాని, లెక్క మొదలుపెట్టాక పూర్తిగా చెప్పడం నా అలవాటు. ఎడమ చేతి పట్టు రెండు. గడియారం చూసి వేళ చెప్పడం మూడు. కంచంలో ఎడమ సగం అన్నం నాలుగు. గడ్డం గీసుకునేటప్పుడు ఎడమ చెంప అయిదు. మగ్గం మీద పడుగులో ఎడమ అంచు ఆరు. ఏడోది మొన్న సాయంత్రం ఫోనులో చెప్పబోయి ఆగి, రేపు చెబుతానని పెట్టేశాను.

ఫోను చేసింది మా మరదలు, నా భార్యకు సొంత చెల్లెలు. ఆమె భర్తకు తలలో గడ్డ ఉందని తేలి, కర్నూలులో ఆపరేషన్ చేయించి నాలుగు రోజులైంది. ఆసుపత్రి వరండాలో నిలబడి, వచ్చేపోయే వాళ్ల చప్పుళ్ల మధ్య నుంచి అడిగింది. "ఏమేం పోతాయి బావా, ఏమేం తిరిగొస్తాయి? నీకు అయింది గదా. డాక్టర్ల మాటలు నాకు తలకెక్కడం ల్యా, నువ్వు లెక్కబెట్టి చెప్పు."

నన్ను లెక్క అడగడం మా వాళ్లకు పాత అలవాటే. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, కర్నూలుకు పడమటన ఉన్న మా నేత ఊళ్లో ఒకప్పుడు ఏ వీధిలో నడిచినా రెండు పక్కలా గుంట మగ్గాల చప్పుడు మనతో పాటే నడిచి వచ్చేది. నేను చదివింది అయిదో తరగతి. మిగతాదంతా మా నాయన పడుగు సాగదీస్తుంటే పక్కన నిలబడి చూసి నేర్చుకున్నది. నూట ఇరవై పోగులు ఒక పుంజం. ఇంత పన్నాకు, అంటే బట్ట వెడల్పుకు, ఎన్ని పుంజాలు కావాలి, అంచుకు ఎంత రంగు నూలు పడుతుంది, కొంగుకు ఎంత వదలాలి అని వీధిలో వాళ్లు వచ్చి అడిగితే, గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. తప్పిన రోజు లేదని కాదు గాని, తప్పితే ఎక్కడ తప్పిందో నేనే పట్టుకునేవాణ్ణి. ఆ ధీమా మనిషికి మంచిదో చెడ్డదో ఇప్పుడు చెప్పలేను.

నా తలకు ఆపరేషన్ జరిగి పన్నెండేళ్లు దాటింది. ముందు తలనొప్పి, తరువాత వాంతులు, ఒకరోజు మగ్గం గుంటలోనే స్పృహ తప్పడం. కర్నూలులో ఫోటో తీసి, తలలో కుడి పక్కన నిమ్మకాయంత గడ్డ ఉందన్నారు. నాకు కోతంటే భయం. మాత్రలతో కరిగిస్తామనే వాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల దగ్గరకు పోదామని నేను, కాదు, తీయించాల్సిందేనని నా భార్య. ఆ వారమంతా మా ఇద్దరికీ మాటకు మాట. చివరికి ఆమె మాటే నెగ్గింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోమని మనవి, ముందు అవసరం పడుతుంది.

ఆపరేషన్‌కు ముందు సోమవారం ఒక మేడం వచ్చింది. న్యూరోసైకాలజిస్టు అన్నారు. ఆ మాట నోరు తిరగక, బొమ్మల అట్టలు, రంగు చెక్కముక్కలు పట్టుకొచ్చేది కాబట్టి మేము బొమ్మల మేడం అనుకునేవాళ్లం. మొదట్లో నా భార్యకు కోపం వచ్చింది. పిచ్చోళ్లను చూసే డాక్టరమ్మను మా ఆయన దగ్గరికి ఎందుకు పంపించినారని నర్సు మీద లేచింది. ఆ మేడం ఏమాత్రం నొచ్చుకోకుండా, నా మంచం పక్కన కూర్చుని, పదిహేను మాటలు చెప్పి తిరిగి చెప్పమంది, వంద నుంచి ఏడేసి తీసేస్తూ రమ్మంది, గడియారం గీయమంది, కాగితం నిండా ఉన్న గీతలన్నీ కొట్టేయమంది. అన్నీ చేశాను. ఏడేసి తీయడంలో ఆమె కంటే నేనే ముందున్నాను. బాగున్న మనిషికి ఈ పరీక్షలెందుకమ్మా అని అడిగితే ఆమె చెప్పిన జవాబు నాకు నచ్చింది. "మొదలు ఎంత ఉండాదో తెలీకుంటే, పోయింది ఎంతో రేపు ఎట్లా తెలుస్తాదన్నా?" ఆదోని పక్క మనిషట, మా యాసే. ఈమె కూడా లెక్కల మనిషేనని అప్పుడే అనుకున్నాను.

గురువారం ఆపరేషన్ అయింది. మెలకువ వచ్చాక చేతులు కాళ్లు కదిలించమంటే కదిలించాను, పేరు చెప్పమంటే చెప్పాను, అందరూ సంతోషించారు. నాకు మాత్రం ఒకటే దిగులు. నా భార్య నా దగ్గరకు రావడం లేదు.

గొంతు వినబడేది. అది కుడి పక్క నుంచి, తలుపు దగ్గర నుంచి వచ్చినట్టుండేది. లోపలికి అడుగు పెట్టకుండా, అక్కడి నుంచే నర్సుతో ఏదో మాట్లాడి వెళ్లిపోతోందనుకున్నాను. గంజి తాగించే చెయ్యి ఒకటి వచ్చేది, అది ఆయమ్మదనుకున్నాను. గుండు, కుట్లు, వాచిన మొహం చూడలేక జంకుతోందేమో అని మొదట సర్దిచెప్పుకున్నాను. రోజులు గడిచేకొద్దీ, తనే పట్టుబట్టి కోయించి ఇప్పుడు మొహం చాటేసిందని అనుకోసాగాను. కాళ్ల దగ్గర నిలబడే మా బావమరిదితో ఆ మాట అనేశాను కూడా. "ఈడనే ఉండాది గదా బావా, నీ పక్కనే" అన్నాడు వాడు. అక్కను వెనకేసుకొస్తున్నాడనుకుని కళ్లు మూసుకున్నాను.

ఆ మేడం వారానికి ఒక్క సోమవారమే ఆ ఆసుపత్రికి వచ్చేది. మొదటి సోమవారం నాకు ఒళ్లు కాలిపోయే జ్వరం, పరీక్షకు పనికిరానన్నారు. మరుసటి సోమవారం వచ్చి మళ్లీ గడియారం గీయమంది. గీసి ఇచ్చాను. ఆమె కాసేపు చూసి, అంకెలన్నీ వేసినావా అన్నా అని అడిగింది. నాకు రోషం వచ్చింది.

"పన్నెండూ ఉండాయి గదమ్మా. ఒకటి తగ్గిందా, ఒకటి ఎక్కువైందా?"

"లెక్క తప్పలేదన్నా. గడియారమే సగమైంది."

పన్నెండు అంకెలనూ గుండ్రంలో కుడి సగంలోనే, ఒకదాని మీద ఒకటి కుక్కేసి పెట్టానట. నా కంటికి అది నిండు గడియారం. గీతలు కొట్టేయమన్న కాగితంలోనూ కుడి పక్కవే కొట్టి, అయిపోయిందని ఇచ్చేశాను. అప్పుడామె మామూలుగా అడిగినట్టు, మీ ఇంటామె రావడం లేదా అంది. నేను ఉన్నమాట చెప్పాను. వస్తుంది, తలుపు కాడనే నిలబడి పోతుంది, నా మొహం చూడబుద్ధి కావడం లేదేమో అన్నాను.

మేడం లేచింది. నాకు కనబడని చోటికి పోయింది. మళ్లీ మంచం కాళ్ల వైపు నుంచి చుట్టుకుని వచ్చేటప్పుడు ఆమె చేతిలో నా భార్య చెయ్యి ఉంది. చెదిరిన జుట్టు, నలిగిన చీర, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లు.

"ఎప్పుడొచ్చినావు?" అన్నాను.

"యాడికైనా పోయింటే గదా వచ్చేదానికి!" అంది.

మంచానికి కుడి పక్క సెలైను స్టాండు, నర్సులు తిరిగే దారి. చుట్టాలు కూర్చునే స్టూలు ఎడమ పక్క. ఆ స్టూలు మీదనే ఆమె పొద్దూమాపూ కూర్చుంది. గంజి తాగించింది ఆమె. తలుపు దగ్గర నుంచి అనుకున్న గొంతు నా చెవి పక్కదే. ఆమె పిలిస్తే నేను అటు తిరక్కుండా కుడి వైపు చూసేవాణ్ణట. వద్దన్నా కోయించినందుకు కక్షగట్టి మొహం తిప్పుకున్నాడని, ఇక ఈ జన్మకు ఇంతేనని ఆమె అనుకుందట. చెల్లెలికి ఫోను చేసి, ప్రాణం దక్కింది గాని మనిషి దక్కలేదని చెప్పిందట.

మేడం మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. కన్ను బాగుంది, చెవి బాగుంది. ఎడమ పక్క కూడా ఒక లోకం ఉందని పట్టించుకునే పని కుడి మెదడుది, గడ్డ కూర్చున్నది అక్కడే. "ఆయప్ప నీ మీద అలగలేదమ్మా. నువ్వు కూర్చున్న పక్కే ఆయనకు ల్యాకపోయింది." ఆ మాటకు నా భార్య పైట నోట్లో కుక్కుకుని ఏడ్చిన ఏడుపు వేరే రకంగా ఉండింది. పెద్ద డాక్టరు గడ్డను తీసి నా ప్రాణం నిలబెట్టాడు, ఆ చేతులకు దండం పెట్టని రోజు లేదు. ఈ మేడం ఏమీ కోయలేదు, కుట్టలేదు, మాత్ర కూడా రాయలేదు. మా సంసారాన్ని మాత్రం మళ్లీ అతికించి పోయింది.

తమాషా ఏమిటంటే, ఇక కుడి పక్కనే కూర్చుంటానని నా భార్య అంటే మేడం ఒప్పుకోలేదు. ఎడమ పక్కకే పొమ్మంది. అక్కడి నుంచే పిలవాలి, నేను తల తిప్పి వెతుక్కోవాలి, తిప్పేదాకా ఆమె లేచి రాకూడదు. ఎడమ పక్క కంటికి కొట్టొచ్చే రంగు ఏదైనా కట్టమంది. నా భార్య మంచం ఎడమ కమ్మీకి ఎర్ర నూలు చిలప, అంటే పోగుల కట్ట, ఒకటి కట్టింది. ఏ పని చేసినా ముందు ఎరుపు దొరకాలి, దొరికాకే మొదలు. ఇంటికొచ్చాక కంచం ఎడమ అంచు పక్కన ఎర్ర నూలు, గడప ఎడమ పక్క ఎర్ర నూలు, అద్దానికి ఎర్ర నూలు. అయినా మరిచిపోయి కుడి సగం అన్నం తిని చెయ్యి కడగబోతే ఆమె ఊరుకునేది కాదు. "కూర ఎవురికి పెడ్తినప్పా, గోడకా?"

పదిహేను రోజులకోసారి కర్నూలు బస్సెక్కి మేడం దగ్గరకు పోయేవాళ్లం. మగ్గం ఎక్కొచ్చా అని నేను, ఇంకా లేదని ఆమె. నాలుగో నెలలో సరేనంది, కానీ ఒక్కడివే వద్దంది. పాత పడుగు పోగులకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. మొదటి రోజు నేను నడిమధ్య నుంచి మొదలుపెట్టి కుడి అంచుదాకా పోయి, అయిందన్నాను. లేదు, ఇంకా సగముందని నా భార్య అనలేదు. నా ఎడమ చెయ్యి పట్టుకుని, పడుగు మీదుగా నెమ్మదిగా లాక్కుంటూ పోయి, ఎర్ర నూలు కట్టిన చోట ఆపింది. నా వేళ్ల కింద అతకని పోగులు వేలాడుతున్నాయి. నా లెక్క తప్పిందని నా చేతికే తెలిసిన ఆ పూట, సిగ్గు కంటే ధైర్యమే ఎక్కువ వచ్చింది. ఎక్కడ తప్పుతుందో తెలిసిన లెక్కను దిద్దుకోవచ్చు కదా. ఏడాది తిరిగేసరికి ఎరుపు నుంచి మొదలుపెట్టి అవతలి అంచుదాకా ఒక్క పోగు వదలకుండా అతికాను.

ఇప్పుడు మా వీధిలో మగ్గాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. లెక్క అడగడానికి వచ్చేవాళ్లు లేరు, ఫోనులోనే అన్నీ వస్తాయి. పాత చప్పుడు లేని వీధిలో నడిస్తే ఇప్పటికీ నాకు ఒక పక్క ఖాళీగానే ఉంటుంది. మారినవన్నీ చెడ్డవి మాత్రం కావు. నిన్న నేనే మరదలికి ఫోను చేసి ఏడోదాని సంగతి చెబుతూ, ఆయన నీతో మాట్లాడకపోతే ముందు నువ్వు ఏ పక్క కూర్చున్నావో చూసుకో అన్నాను. ఆమె నవ్వేసింది. "బొమ్మల మేడమ్ లాంటామె ఈడ రోజూ వస్తాది బావా. మొన్ననే వచ్చి నాకు అన్నీ చెప్పి పోయింది. ఈయప్ప రెండు పక్కలా బాగానే చూస్తాండాడు, మాటలే తడుముకుంటాండాడు. అవీ వస్తాయంట." మా అప్పటి సోమవారాలు తలుచుకుని, మంచిదమ్మా అన్నాను.

పోయిన ఏడింటిలో ఆరు తిరిగొచ్చాయి. ఏడోది, ఆపరేషన్ అయిన గురువారం నుంచి రెండో ఆదివారం దాకా నా భార్య నా పక్కన కూర్చున్న పదకొండు రోజులు. ఎంత వెతికినా నా జ్ఞాపకంలో ఆ స్టూలు లేదు, స్టూలు మీద మనిషి లేదు. అవి ఆమె దగ్గర మాత్రమే ఉన్నాయి. నిరుడు ఆమెకు కంటి ఆపరేషన్ అయితే మూడు రోజులు ఆమెను మంచం దిగనీయకుండా చూసుకుని, నాలుగో రోజు, పదకొండులో మూడు తీరింది, ఇక ఎనిమిదే అన్నాను. నూలు కండె చుట్టుకుంటున్నదల్లా, కట్టు లేని రెండో కంటితో నా వైపు చూసి నవ్వింది.

"మూడు దినాలూ నిన్ను చూస్తానే ఉంటి గదయ్యా. చూసిన దినాలు చూడని దినాలకు ఎట్లా చెల్లుతాయి?"

ఆలోచిస్తే ఆమె లెక్కే సరి. బాకీ ఇంకా పదకొండు.