తెరమీద తెలుగులో వచ్చిన మాట

దయ్యాలను నేను నమ్మను. ఇది జరిగాక కూడా నమ్మడం లేదు. అయినా, నువ్వు భ్రమపడ్డావని ఎవరైనా అంటే మాత్రం ఊరుకోను.

మాది సముద్రం ఒడ్డున మైపాడు. సరుకు ఓడలో సెకండ్ ఆఫీసరుగా పనిచేస్తున్నాను. ఆమధ్య మా ఓడలో ఒక ఏఐ పరికరం పెట్టారు. రాడార్‌లో కనిపించేవి, వాతావరణం, చుట్టుపక్కల ఓడలు పంపే సంకేతాలు చూసుకుని, ఎటు తిప్పితే మంచిదో తెరమీద ఇంగ్లిషులో రాస్తుంది. దానికి కెమెరా లేదు. నిర్ణయం మాత్రం మాదే.

ఆ మధ్యాహ్నం వాచ్, అంటే ఓడ నడిపించే డ్యూటీ, నాది. జువ్వలదిన్నె తీరానికి తూర్పున, ఉత్తరంగా పోతున్నాం. ఎండగానే ఉంది కానీ సముద్రం మీద మసక. పక్కనే కెప్టెన్ గారు. ఆయనది పంజాబ్. రాడార్‌లో ముందు ఏమీ లేదు.

అప్పుడు తెరమీద తెలుగు అక్షరాలు వచ్చాయి. "ముందర ఇద్దరుండారు. కుడికి తిప్పు."

'ఉన్నారు' కూడా కాదు, 'ఉండారు'. మా ఇంట్లో మాట్లాడే మాట.

"ఏం రాసింది?" అన్నారు కెప్టెన్. చెప్పాను. ఆయన బైనాక్యులర్స్‌తో చూసి, "ఎవరూ లేరు. చెడిపోయినట్టుంది, పట్టించుకోకు" అన్నారు.

నేను ఓడను కుడికి తిప్పించి, వేగం తగ్గించాను. "వాచ్ నాది సార్. తప్పయితే నన్నే అడగండి."

కాసేపటికి ఎడమ పక్కన బోల్తాపడిన ఫైబర్ పడవను కరుచుకుని ఒక మనిషి కనిపించాడు. తిప్పకపోతే అతని మీదుగానే పోయేవాళ్ళం. మా ఓడలోని చిన్న బోటు దించి అతన్ని పైకి తెచ్చాం. అతనికి మాట రావడం లేదు. పడవ దగ్గర ఇంకెవరూ లేరు. ఇక పోదామన్నారు కెప్టెన్.

"ఇద్దరని రాసింది సార్. రెండో మనిషి దొరకందే నేను ఓడను కదిలించను."

ఆయన ముఖం ఎర్రబడింది. కానీ బోటును మళ్ళీ పంపమన్నది ఆయనే.

పడవకు దక్షిణంగా, అలల మధ్య డీజిల్ క్యాన్ పట్టుకుని తేలుతూ దొరికాడు అతని తమ్ముడు. తమ్ముణ్ణి చూశాకే అన్నకు గొంతు పెగిలింది. "ఎట్టా కనిపించినామమ్మా మీకు? అరిచే ఓపిక్కూడా లేదే మాకు!"

ఇద్దరికీ తాగడానికి నీళ్ళు తెప్పించాను.

రేవుకు చేరాక ఆ పరికరం తాలూకు ఇంజినీరు వచ్చి చూశాడు. దానికి తెలుగు నేర్పలేదన్నాడు. అది రాసినవన్నీ దాచుకునే రికార్డులో కూడా అలాంటి మాటేదీ లేదన్నాడు. "కంగారులో మీకలా అనిపించి ఉంటుంది మేడమ్."

"నేను కంగారు పడింది మనిషిని చూశాక. రాసింది అంతకుముందు" అన్నాను.

కెప్టెన్ అడ్డొచ్చారు. "నాకు చదవడం రాదు. కానీ అక్షరాలు నేనూ చూశాను. గుండ్రంగా ఉన్నాయి." ఇంజినీరు తన సామాను సర్దుకున్నాడు.

ఇంటికెళ్ళి చెబితే అమ్మ, "ఇంకెవురు, గంగమ్మే పలికింది మే" అంది. ఇంజినీరు మాట నేను ఒప్పుకోలేదు, అమ్మ మాటా ఒప్పుకోలేదు.

ఇప్పటికీ అదే ఓడలో ఉన్నాను. ఆ పరికరం మళ్ళీ ఎప్పుడూ తెలుగులో రాయలేదు. కళ్ళులేని ఆ పెట్టెకు నీళ్ళలో ఉన్న ఇద్దరి సంగతి ఎలా తెలిసిందో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు.