డబ్బాలో నాలుగు ఫోన్లు

పొద్దున్నే ఆఫీసు మెసేజ్ చూసి ఒళ్లు మండిపోయింది. దివిసీమలో నేను చేర్పించిన ఒక పడవ, వేటకు వెళ్లినట్టు చెప్పిన నాలుగు రోజులూ ఒడ్డు దాటలేదట. అందులో పనిచేసే నలుగురి ఫోన్లూ ఒకే ఇంట్లో ఉన్నాయట. సాయంత్రంలోగా సంజాయిషీ పంపకపోతే పడవను జాబితా నుంచి తీసేస్తారు. జాబితాలో లేని పడవ చేపను ఎగుమతి వాళ్లు ముట్టుకోరు.

చేప ఎక్కడ పట్టారో రుజువు చేయడం మా చిన్న కంపెనీ పని. ఫోను తాను ఫలానా చోట ఉన్నానంటే చాలదు. పక్క ఫోన్లు కూడా ‘అవును, మా దగ్గరే ఉంది’ అని తమకు మాత్రమే ఉండే రహస్య అంకెల కీలతో సంతకం చేయాలి. ఆ సంతకాలు బ్లాక్‌చెయిన్‌లోకి ఎక్కుతాయి. ఒకే చిట్టా ఎన్నో కంప్యూటర్లలో ఉంటుంది కాబట్టి ఎక్కినదాన్ని ఎవరూ చెరపలేరు.

బందరులో బస్సెక్కానన్న మాటే గానీ కుదురుగా కూర్చోలేదు. నాతోనే నాటకాలా అని అవనిగడ్డ దాకా పళ్లు నూరుతూనే ఉన్నాను. అక్కడ ఆటో కోసం ఆగిన పది నిమిషాల్లో పదిసార్లు టైము చూసుకున్నాను.

పడవ యజమానిని నేను మావయ్యా అని పిలుస్తాను. ఆయన వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు.

“ఫోన్లు ఎక్కడున్నాయి మావయ్యా?”

ఆయన భార్య లోపలి నుంచి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చింది. నాలుగు ఫోన్లూ గుడ్డల్లో చుట్టి ఉన్నాయి.

“నాలుగూ ఒకచోటే ఉండాలన్నారు, ఆఫ్ అవ్వకూడదన్నారు గదమ్మా. పడవలో కరెంటెక్కడిది? ఉప్పునీళ్లు తగిలితే పాడైపోతాయని మావోళ్లు ఎప్పుడూ ఇంటికాడే పెట్టెళ్తారు. నేనే మార్చి మార్చి ఛార్జింగ్ పెట్టా. చేపలు ఎండేసే పనికి కూడా ఎళ్లలేదు,” అంది.

కోపమంతా నీరుగారిపోయింది. వీళ్లకు ఈ పని నేర్పిన రోజు బస్సు తప్పిపోతుందని అరగంటలో అంతా గబగబా అప్పజెప్పేశాను. ఫోన్లు పడవలోకి తీసుకెళ్లండి అన్న ముక్క మాత్రం చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని తోచనేలేదు.

అక్కడే నిలబడి సంజాయిషీ ఫారం తెరిచాను. కారణాలు రెండే ఉన్నాయి: శిక్షణలో లోపం, పడవ వారికి అర్థం కాకపోవడం. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. వేలు కాసేపు అటూ ఇటూ ఆడింది. రెండోది నొక్కాను. నా కీతో సంతకం కూడా అయిపోయింది.

“ఏం పర్లేదు గదమ్మా?” అన్నాడాయన.

“నేను రాశాను కదా మావయ్యా,” అన్నాను. సిగ్గేసింది. మంచినీళ్లు కూడా తాగకుండా ఆటో ఎక్కేశాను.

వారం తిరక్కుండానే, తప్పు పడవ వారిదేనని తేల్చి పడవను జాబితా నుంచి తీసేశారు. మళ్లీ చేరాలంటే వచ్చే సీజను దాకా ఆగాలి. ఆ సాయంత్రమే ఆయన ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

“మాకే సరిగ్గా అర్థం కాలేదంట గదమ్మా. నీకు కూడా మాటొచ్చిందో ఏవో. ఈసారి మా కోసం కాస్త నిదానంగా చెప్పు తల్లీ.”

“అలాగే మావయ్యా,” అన్నాను.