మోపు మోపంతా ఒక్క ఊపున కోసిన మా యారాలు

మా యారాలు పోయింది. ఆ కబురు వచ్చినప్పుడు నేను బల్లార్‌పూర్‌లో ఒక వెల్డింగ్ షాపు ముందు నిలబడి, ఆమె మిషన్ కంటే మంచి మిషన్ చేయించుకోవడానికి బేరమాడుతున్నాను. ఫోన్‌లో ఆమె కొడుకు, "పొద్దుగాల చాయ్ తాగుకుంట కూసున్నది చిన్నమ్మా, గట్లనే ఒరిగింది" అని ఏడ్చాడు. షాపతను కుర్చీ వేస్తే కూలబడ్డాను.

యారాలంటే మా ఆయన అన్న భార్య. విరూర్‌లో మా రెండిళ్ళవీ పక్కపక్క కట్టెల అడితీలు. మా వైపు రైతులు కాగితం మిల్లు కోసం నీలగిరి, సుబాబుల్ వేస్తారు. మిల్లు వద్దన్న సన్న కర్రలు, మణికట్టంత లావువి, మా దగ్గరికి వస్తాయి. పెళ్లి వంటలకూ ధాబాలకూ అవే పోతాయి. కానీ వాటిని గొడ్డలితో నరకడమంటే నరకం. దెబ్బ పడగానే కర్ర ఎగిరి మోకాలి చిప్పకు తగులుతుంది. అందుకే ఇద్దరం మిషన్ కోసం వెతకడం మొదలుపెట్టాం. ఆమెకంటే ముందు నేనే తేవాలని నా పంతం. ఆమెకు ఏ పంతమూ లేదు. అదే నాకు ఇంకా ఒళ్ళుమంట.

నేనే ముందు తెచ్చాను. మా ఆయన్ని వెంటేసుకుని నాగపూర్ వెళ్ళి, కట్టెలు చీల్చే పెద్ద మిషన్ తెచ్చాను. లావు మొద్దు పెడితే పుచ్చకాయలా రెండు చెక్కలు చేసేది. వాడకట్టంతా వచ్చి చూసింది. మా యారాలు కూడా వచ్చింది. చీర మీద మా బావగారి పాత పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, చెవులకు తువ్వాలు చుట్టుకుని. పనిలో ఎప్పుడూ అదే వేషం. కాసేపు చూసి మెల్లగా అంది.

"మిషన్ మంచిగున్నది చెల్లె. గని సన్నకట్టెను చీరుడెందుకు? పొడుగు తగ్గితే సాలు గద."

నాకు తిక్కరేగింది. "నీకేం తెలుసక్కా, గిది కొత్త మోడల్" అన్నాను. కానీ ఆమె అన్నదే నిజమైంది. ఒక్కొక్క కర్రా నిలబెట్టాలి, కర్రను చీల్చే ఇనుప పచ్చరం వచ్చి పోయేదాకా ఆగాలి, ఆలోపు కర్ర పక్కకు జారిపోయేది. గొడ్డలే నయమని పనివాళ్ళు గొణిగారు.

ఆ తర్వాత ఆమె రాజూరాలో ఒక మిషన్ చేయించింది. ట్రాక్టర్ పట్టాతో తిరిగే గుండ్రటి రంపం, దాని ముందు ఊగే ఇనుప తొట్టి. తొట్టిలో మోపెడు కర్రలు పేర్చి, పైన గొలుసు బిగించి, ఒక్క ఊపు ఊపితే మోపు మోపంతా తెగి పడేది. చెయ్యి రంపం దరిదాపులకు పోదు. ఈ ఉపాయం ఎలా తట్టిందక్కా అంటే నవ్వింది.

"తోటకూర ఒక్కొక్క కాడ కోస్తమా ఏంది? కట్ట వట్టుకొని కోస్తం. గంతే."

నేనూ రోజూ తోటకూర కోస్తాను కదా! నాకెందుకు తట్టలేదు? ఆ రాత్రి అన్నం సహించలేదు. చంద్రపూర్ నుంచి వచ్చే వంటల కాంట్రాక్టరు ఆమె కట్టె ముక్కలు చేతిలో తిప్పి, "ఏకదమ్ సారఖీ, వహినీ" అని మరాఠీలో మెచ్చుకున్నాడు, అన్నీ ఒక్కతీరుగా ఉన్నాయి వదినా అని. అది విన్న రోజు మా ఇంట్లో గిన్నెలన్నీ చప్పుడు చేశాయి.

పోనీ, ఆమె మంచిది కాకపోయినా బతికిపోయేదాన్ని, తిట్టుకోవడానికి వీలుండేది. లావు కట్టెలు కావాలని వచ్చిన వాళ్ళను, "మా చెల్లె తాన మంచి మిషన్ ఉన్నది, ఆడికి వోండ్రి" అని నా దగ్గరికి పంపేది. ఆ బేరాలతోనే నా నాగపూర్ మిషన్ తుప్పు పట్టకుండా మిగిలింది. ఒక వానాకాలం మా ఆయన నడుము పట్టేస్తే, అడగకుండానే మా కర్రలు బండికెత్తించుకుపోయి, కోయించి, ఆరబెట్టించి పంపింది. దండం పెట్టాల్సింది పోయి నేను లోలోపల కుళ్ళుకున్నాను. మిషన్‌లో మించింది చాలదా? మంచితనంలో కూడా మించాలా?

దినాలయ్యాక బల్లార్‌పూర్ నుంచి నా మిషన్ వచ్చింది. దీనికి రెండు రంపాలు. ఒక్క ఊపుకు మోపు మూడు ముక్కలవుతుంది. మొదటి మోపు నేనే కోశాను. మూడు కుప్పలు ధనధనమని పడ్డాయి. మా ఆయన ముక్కలు చేత్తో ఎత్తి చూసి, "ఇగ ఈ సుట్టుపక్కల నీకు పోటీ లేదే" అన్నాడు.

ఏళ్ళ తరబడి ఆ మాట కోసమే కదా ఇంత తిరిగాను! మిషన్ ఆపేసి, కోసిన కట్టెల మీదే చతికిలబడ్డాను. రంపపు పొట్టు ఇంకా గాలిలో ఎగురుతోంది, ముఖం మీద పడుతోంది. తుడుచుకోబుద్ధి కాలేదు. ఏడుపు ఆగలేదు.

"ఎందుకే?" అన్నాడు మా ఆయన కంగారుగా.

"ఒక్కసారి సూసి, ఒక్కసారన్న నా మీద కుళ్ళుకొని పోతే ఏం వోయేదయ్యా మా అక్కకు?" అన్నాను.