పేరు పెట్టి పిలవొద్దు

ముందు గొలుసు చప్పుడు వినబడింది. లోపలి నుంచి ఎవరో తలుపు లాగుతున్నారు. లాగినప్పుడల్లా బయట వేసిన ఇనుప గొలుసు చెక్కకు తగిలి గలగలమంటోంది. ఆగుతోంది. మళ్లీ గలగల.

"వస్తాండా, ఉండప్పా!" అంటూ చంకన బిందెతో వీధి మలుపు తిరిగింది తిమ్మక్క. అరవై దాటిన మనిషి. నడకలో మాత్రం మంద వెంట తిరిగిన కాళ్ల తొందర ఇంకా పోలేదు.

తలుపు వెనుక ఉన్నది ఆమె భర్త ఈరన్న. మడకశిర వైపు ఈ ఊళ్లో ఆయన పేరు చెబితే ఎవరికైనా గొర్రెలు గుర్తొస్తాయి. ఆయనకే ఇప్పుడు ఏదీ గుర్తుండడం లేదు. పోయిన నెల పాడుబావి అంచున కూర్చుని దొరికాడు. ఆ సాయంత్రమే కొడుకు రామాంజి ఈ గొలుసు కొనుక్కొచ్చాడు.

"మతిమరుపు మనుషుల్ని ఎట్ల చూసుకోవల్లో ఆస్పత్రిలో నేర్పినారప్పా," అంది తిమ్మక్క బిందె దించుతూ, ఆమెను చూడడానికి బస్సులో వచ్చి వాకిట్లో నిలబడ్డ నాతో. "సువార్త అనే నర్సమ్మ చెప్పింది. కట్టెయ్యొద్దంట. గుర్తులేదా అని అడగొద్దంట. ఆయప్ప ఏ కాలంలో ఉంటే మనమూ ఆ కాలానికి పోవల్లంట."

"రామాంజి ఏమన్నాడు?" అని అడిగాను.

"నీ చదువు ఆస్పత్రిలోనే పెట్టుకోమ్మా అన్యాడు."

గొలుసు తీసింది. ఈరన్న వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తెల్లటి తలపాగా కింద ఆయన కళ్లు మబ్బులు వచ్చి చూసి పోయిన ఆకాశంలా ఉన్నాయి. తిమ్మక్క టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. శిక్షణలో ఇంకా ఏం చెప్పారని అడుగుతూ నేను గడప దగ్గర నిలబడ్డాను. టీ గ్లాసులతో ఆమె బయటికి వచ్చేసరికి అరుగు ఖాళీ.

గ్లాసులు అక్కడే పెట్టేసింది. "రామాంజి వచ్చేలోగా దొరకల్ల. మళ్లా తప్పిపోతే గొలుసు తలుపుకు కాదు, కాలికే వేస్తానన్యాడు."

ఊరు కదిలింది. శనక్కాయ చేలల్లో పని చేస్తున్నవాళ్లంతా లేచారు. "ఈరన్నా! ఓ ఈరన్నో!" అని గట్లమీద నిలబడి కేకలు. ఎండ ఆ కేకలను తాగేస్తోంది. చేల చివర నీళ్లు ఎండిన వంక ఉంది, దాని అవతలి కొనలో ఆ పాడుబావి. వంకలోని తుమ్మపొదల్లోకి తెల్ల తలపాగా దిగడం ఓబిలేష్ అనే రైతు చూశాడు.

"పిలిచేకొద్దీ లోపలికి పోతాండాడక్కా! ఈ వయసులో దాగుడుమూతలేమప్పా ఈ ముసలోనికి!" అన్నాడు.

ఇంకో నలుగురు పొదలవైపు తిరిగి గట్టిగా అరిచారు. తుమ్మకొమ్మలు కదిలాయి, బావి ఉన్న వైపుకు.

అప్పటికే మందను బీడులో వదిలి రామాంజి పరిగెత్తుకొచ్చాడు. "తీసినావా గొలుసు? చెప్పితి కదమ్మా! బాయిలో పడి సచ్చినాక నేర్పిస్తుందా ఆ నర్సమ్మ?"

తిమ్మక్క కేకలు వేస్తున్న ముఖాలను ఒక్కొక్కటిగా చూసింది. అందరూ చేల యజమానులే.

"నోళ్లు మూయండప్పా!" అంది ఉన్నట్టుండి. "గొర్లోన్ని మీరు పేరు పెట్టి ఎప్పుడు పిలిచినారు? చేన్లో గొర్లు పడినప్పుడే కదా? గొర్లను పట్టుకపోయి బందెలదొడ్డిలో పెట్టేకి వచ్చినారనుకుంటాండాడు. అందుకే దాంకుంటాండాడు."

ఓబిలేష్ తల వంచుకున్నాడు.

"పో, మందను తోలుకరా," అంది కొడుకుతో.

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

ఎర్రటి దుమ్ము ముందు వచ్చింది, దాని వెనుక మంద. తిమ్మక్క నాలుక చప్పుడుతో గొర్రెలను అదిలిస్తూ వాటిని వంక ఒడ్డుదాకా నడిపించింది. పొదవైపు చూడలేదు. ఎవరితోనో అన్నట్టు గట్టిగా అంది: "గొర్లన్నీ బీట్లోనే ఉండాయి. ఎవరి చేన్లోనూ పడలేదు. మందను ఎంచేవాళ్లే లేరు ఈడ."

చాలాసేపు ఏమీ కదలలేదు. తర్వాత పొదలోంచి ఒక చేయి బయటికొచ్చింది. పిక్కల మీద ముళ్లు గీసిన రక్తంతో ఈరన్న ఒడ్డెక్కాడు. ఒక్కొక్క గొర్రె వీపు తాకుతూ పెదవులు కదుపుతూ ఎంచాడు. చివరికి ఆగాడు.

"ఒగటి తక్కువ."

మళ్లీ వంకవైపు తిరిగాడు. మంద సరిగానే ఉంది. ఆ మాట రామాంజి నోటిదాకా వచ్చింది. తల్లి వాడి ముఖంలోకి చూసింది, అంతే. వాడు ఆ మాట ఆపేసుకున్నాడు.

"సూడిగొర్రె పొద్దున ఈనింది నాయనా," అన్నాడు మెల్లగా. "ఇంటికాడనే ఉండాది."

ఈరన్న కొడుకును ఎగాదిగా చూశాడు. "పిల్ల బాగుండాదా?"

"బాగుండాది. పొట్టేలు."

"అట్లయితే పాండి."

తండ్రి ముందు, మంద మధ్యలో, కొడుకు వెనుక. ఆ వరసలోనే ఊళ్లోకి వచ్చారు. వాకిట్లో గొర్రెలను దొడ్లోకి తోలాక రామాంజి తల్లిని చూడకుండానే అన్నాడు: "రేపట్నుంచి నాతోనే పిల్చుకపోతా మంద కాడికి. నడిచినంత దూరం నడుస్తాడు."

తిమ్మక్క భర్త కాళ్లకు గుచ్చుకున్న ముళ్లు తీస్తోంది.

బస్సు వేళయిందని లేచాను. ఆమె వీధి దాకా వచ్చి గొంతు తగ్గించింది.

"ఆయప్పకు చెప్పి పో అప్పా. ఎవరని అడిగితే గొర్లు కొనేకి వచ్చినానని చెప్పు. ధర చెప్తే సగానికి అడుగు. ఊరికే ఒప్పుకుంటే నమ్మడు."