గంధం బొట్టు పెట్టిన స్మార్ట్ బోర్డు

చెన్నై పెరంబూరులో నేను తెలుగు చెప్పే బడికి స్మార్ట్ బోర్డు వచ్చిన వారానికే హెడ్‌మిస్ట్రెస్ నన్ను పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టారు. పాఠంలో ఏ నిమిషానికి ఏ పరికరం వాడతానో గళ్లలో నింపాలట.

"ఆయుధ పూజ సెలవులు అయినాక అమ్మానాన్నలు వచ్చి మీ క్లాసులో కూర్చుంటారు. వాళ్లకి నచ్చితేనే వచ్చే ఏడు తెలుగు క్లాసు. లేదంటే మూసేయాల్సిందే, సరియా?" అన్నారు.

నా క్లాసులో ఉన్నది పద్నాలుగు మంది. ఇంట్లో అవ్వలతో తెలుగు మాట్లాడతారు, తమలో తాము తమిళం. నా దగ్గర మాత్రం మౌనవ్రతం. ఆ వ్రతం పట్టించింది నేనే. గుంటూరు నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చినదాన్ని కదా, ఎవరైనా "ఆడ" అంటే చాలు, "ఆడ కాదు, అక్కడ" అని దిద్దేదాన్ని. దిద్ది దిద్ది నోళ్లు మూయించాను.

ప్లాన్ మాత్రం పెళ్లి ముహూర్తం పెట్టినంత పకడ్బందీగా రాశాను. అయిదు నిమిషాలు వీడియో. పది నిమిషాలు పిల్లలు వేలితో బొమ్మల్ని జరిపి మాటలతో జతచేసే ఆట. చివరి గడిలో "పరికరం పనిచేయకపోతే?" అని ఉంది. "పనిచేస్తుంది" అని రాసేశాను.

ఆ ధీమాకి కారణం ఉంది. సెలవులకి ముందు బడిలో ఆయుధ పూజ చేసినప్పుడు, ఇంట్లో స్కూటరుకీ మిక్సీకీ పెట్టినట్టే, బోర్డు చట్రానికి నాలుగు మూలలా గంధం పూసి కుంకుమ అద్దాను. కొత్త సామాను కదా అని కింద ఒక మూల కాస్త దండిగానే పూశాను.

ఆ రోజు రానే వచ్చింది. అమ్మానాన్నలు వెనక బెంచీల మీద సర్దుకున్నారు. వీడియో నొక్కాను. తెర మీది బాణం గుర్తు కింది మూలకి పరుగెత్తి అక్కడే కూర్చుంది. లాగితే వస్తుంది, వదిలితే మళ్లీ అక్కడికే. అలిగిన అల్లుడు నయం. బోర్డు ఆపి మళ్లీ వేసినా అదే తంతు. ఒక తండ్రి ఫోను చూసుకోవడం మొదలుపెట్టారు. తెలుగు క్లాసు నా చేతుల్లోనే పోతోందని ఏడుపొచ్చింది.

రెండేళ్లుగా నాతో ఒక్క ముక్క మాట్లాడని అమ్మాయి అప్పుడు లేచి అరిచింది.

"మిస్, ఆడ చూడండి! మీరు బొట్టు దండిగా పెట్టిన మూలకే పోతా ఉండాది!"

దిద్దబోయాను. నాలుక చివరిదాకా వచ్చినదాన్ని మింగేశాను.

"తుడిచేయండి మిస్!"

"పూజ బొట్టు తుడవకూడదంట, మా అవ్వ చెప్పింది."

"మా బండికి పెట్టింది వానకి పోలేదా? ఏమయింది?"

పద్నాలుగు మందీ తెలుగులో పోట్లాటకి దిగారు. వెనక అమ్మలు నవ్వుతూ తలో పక్షం చేరారు. చట్రంలో వేలిని పసిగట్టే సెన్సార్లు ఉంటాయట, నా గంధాన్ని బోర్డు వేలు అనుకుందట. అది నాకు తరవాత తెలిసింది. చెంగుతో తుడిచేసరికి గంట కొట్టారు. ప్లాన్‌లో ఒక్క గడీ జరగలేదు.

వెళుతూ వెళుతూ అమ్మానాన్నలందరూ వచ్చే ఏడూ తెలుగు క్లాసు కావాలని సంతకాలు పెట్టారు. హెడ్‌మిస్ట్రెస్ నా కాగితం తిరిగి ఇచ్చి, "జరిగింది జరిగినట్టు దిద్ది ఇవ్వండి, ఫైల్లో పెట్టాల" అన్నారు.

చివరి గడిలో "పనిచేస్తుంది" కొట్టేశాను. దాని కింద "టీచరు నోరు మూసుకోవాలి" అని రాసి సంతకం పెట్టాను.