డేమేజ్ తీసిన కుక్క సినిమా

మొన్న మధ్యాహ్నం మా అమ్మాయి తన ఫోను నా చేతిలో పెట్టి, "నాయినా, జర ఈ కుక్క సినిమా ముందుగాల నువ్వు సూసి చెప్పు. పాపకు సూపియ్యొచ్చా, వద్దా?" అంది. సూరత్ డిండోలిలో వాళ్ళ ఇల్లు మా ఇంటికి రెండు గల్లీల అవతల. బడికి సెలవులు, బయట ఎండ, ఇంట్లో ఎనిమిదేళ్ళ పిల్ల. ఏదో ఒకటి చూపించక తప్పదు. ఫోనులో చూద్దును గదా, సినిమా బొమ్మ పక్కన చిన్న పెట్టె, అందులో ఏడు అంకె, దాని పక్కన ప్లస్ గుర్తు. ఏడేళ్ళు నిండినవాళ్ళు చూడవచ్చునని దాని భావమట. నాకు ఒళ్ళు మండింది. ఏడని ఎవడు తేల్చాడు? ఎవరి పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని తేల్చాడు? ఏడో పుట్టినరోజు ముందటి రాత్రి వరకూ కుక్క కష్టాలు పిల్లకు పడవనీ, తెల్లారి స్నానం చేసి కొత్త గౌను వేసుకోగానే పడతాయనీ వాడికెవరు చెప్పారు? నేను నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ణి. తెలుగు పాత పత్రికల్లో, గుజరాతీ దుకాణాల బోర్డుల మీద, హిందీ పకోడీలు కట్టిచ్చిన కాగితాల మీద నేర్చుకున్నాను. అయినా పిల్లల మనసును అంకెలో కుదించేంత చదువు మాత్రం నాకు ఇంతవరకూ ఎక్కడా తగల్లేదు.

నేను ఇలా సణుగుతూ ఉండగానే మా మనవరాలు తల్లి చాటునుంచి తల బయటికి పెట్టి, "తాతా, కూతరో మరీ తో నహీ జాయ్ నే?" అని గుజరాతీలో అడిగింది. కుక్క చచ్చిపోదు కదా, అని. ఆ పిల్ల భయం వేస్తే గుజరాతీలో, కోపం వస్తే హిందీలో, ఆకలేస్తే తెలుగులో మాట్లాడుతుంది. నేను వాళ్ళమ్మ ముఖంకేసి చూశాను. ఇదే ప్రశ్న, ఇంచుమించు ఇదే వయసులో, అచ్చ తెలంగాణ తెలుగులో అడిగిన పిల్ల ఆవిడ. అప్పుడు దానికి జవాబు చెప్పవలసినవాడు మా మామ, అంటే నా భార్య తండ్రి. ఆయన చెప్పిన జవాబు గురించే నేను చెప్పబోతున్నాను.

అప్పట్లో మేము పర్వత్ పాటియా వైపు వరస గదుల్లో ఉండేవాళ్ళం. గదికో సంసారం, ఊరేదైనా అందరం సాంచాల మీద బతికేవాళ్ళమే. మరమగ్గాలను మావాళ్ళు సాంచాలంటారు. వాటి చప్పుడులో రోజుకు పన్నెండు గంటలు నిలబడి వచ్చినవాళ్ళం గనక ఇంట్లో ఉప్పు అడిగినా ఊరంతా వినిపించేలా అడిగేవాళ్ళం. మామ మాత్రం సాంచా నడపడు. ఒక సేఠ్ దగ్గర బట్ట చెకింగ్. బల్లకు పైన అద్దం, అద్దం కింద ట్యూబ్‌లైటు. నేసి వచ్చిన తానును ఆ వెలుగు మీదుగా లాగుతూ పోవాలి. పోగు తెగిందా, చిల్లి పడిందా, నూనె మరక ఉందా, కనిపెట్టి, ఉన్నచోట అంచుకు ఎర్రదారం ముడివేయాలి. దాన్ని డేమేజ్ అంటారు. మరీ పెద్ద డేమేజ్ అయితే ఆ మేర కత్తిరించి చిందీ, అంటే పీలికల గుట్టలో పడేస్తారు. ఆ పని చేసీచేసీ ఆయన లోకాన్నంతా వెలుగుకు పట్టుకుని చూడడం అలవాటు చేసుకున్నాడు. వంకాయను అలాగే చూసేవాడు, దోస్తులను అలాగే చూసేవాడు. పెళ్ళిచూపుల్లో నన్నూ కిటికీ దగ్గరికి పిలిచి అటూ ఇటూ తిప్పి, "అంచు బాగనే ఉన్నది. నడుమ జర లూజు," అని తేల్చాడు. ఆ నడుమ అంటే బుర్రో, నడుమో, ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నా నాకు తెలియలేదు.

మా గల్లీకి ఒక కుక్క ఉండేది. తన తోకను తానే పట్టుకోవాలని దారం కండెలా గిరగిరా తిరిగేది గనక పిల్లలు దానికి బాబిన్ అని పేరు పెట్టారు. మా అమ్మాయికి అది ప్రాణం. మామకు దాన్ని చూస్తే పడదని గల్లీలో ప్రసిద్ధి. "థూ, దీని ఒంటి మీద అన్నీ డేమేజులే," అనేవాడు. అయితే ఆయన అరుగు మీద తిన్న రొట్టెలో ఆఖరి ముక్క ఎప్పుడూ కిందే పడేది, అంత నైపుణ్యం గల చేతుల్లోంచి. ఒకనాడు బట్ట మూటలు ఎత్తిన టెంపోలో మూటల మీద మెత్తగా ఉందని బాబిన్ పడుకుని నిద్రపోయింది. టెంపో కదిలింది. పిల్లలు అరుస్తూ వెంటపడ్డారు గాని, మెలకువ వచ్చిన బాబిన్ అదంతా తనకు జరుగుతున్న ఊరేగింపు అనుకుని తోక ఊపుకుంటూ వెళ్ళిపోయింది. పాండేసరా వైపు రంగుల మిల్లుకు వెళ్ళే బండి అది. దారిలో ఎక్కడో దూకేసిందని డ్రైవరు చెప్పాడు. ఎక్కడ అంటే చేత్తో సూరత్‌లో సగం చూపించాడు.

ఆనాటినుంచి మా అమ్మాయి అన్నం సగమే తినేది. మిగతా సగం గిన్నెలో పెట్టి గుమ్మంలో ఉంచేది. తలుపు వేస్తే ఏడుపు. వానాకాలం, దోమలు, తెరిచిన తలుపు, చిక్కిపోతున్న పిల్ల. నా భార్య పైకి తిట్టేది, వంటింటి మూలకు వెళ్ళి కళ్ళు తుడుచుకునేది. సరిగ్గా అప్పుడే వినాయక చవితి వచ్చింది. మా గల్లీ మండపం ముందు టీవీ, వీసీఆర్ పెట్టి సినిమా వేసేవాళ్ళు. ఏటా మగవాళ్ళు కొట్లాటల సినిమా తెచ్చేవాళ్ళు. ఆ ఏడు ఆడవాళ్ళు జట్టు కట్టి, పిల్లల సినిమా తేకపోతే ఉండ్రాళ్ళు చేసేది లేదన్నారు. కేసెట్ల దుకాణం హిందీవాడు ఎవరూ అడగక మూలన పడివున్న ఒక కుక్క సినిమా అంటగట్టాడు. ఏ దేశానిదో. మాటలు ఒక్కటీ అర్థం కావు. మొరుగుడు మాత్రం మన భాషే. అట్ట మీద బండరాయెక్కి దిక్కులు చూస్తున్న కుక్క, కింద మంచుకొండలు.

నా భార్య ఆ అట్ట చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "అండ్ల కుక్క సచ్చిపోతే నా పిల్ల గతేంది? ఎవలన్న ముందుగాల సూసి చెప్పుండ్రి," అంది. గల్లీలో పుస్తకం పట్టినవాణ్ణి నేనొక్కణ్ణి. గొంతు సవరించుకున్నాను. నాకేసి ఎవరూ చూడలేదు. అందరూ మామకేసి చూశారు. తానులో దాక్కున్న బొక్కను పట్టేవాడు సినిమాలో బొక్కను పట్టలేడా అని వాళ్ళ తర్కం. నేను అభ్యంతరం చెబితే మామ చెయ్యి అడ్డం ఊపాడు. "అల్లుడా, నువ్వు సదువుకున్నోనివి. కథ ఎంబడి పడి పోతవ్. నాకు కథతోని ఏం పని? నాకు డేమేజ్ కావాలె."

మర్నాడు పిల్ల బడికి పోయాక మండపం టీవీ, వీసీఆర్ తెచ్చుకుని, మా గదిలోనే తలుపు మూసి చెకింగ్ మొదలైంది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని టీవీకి మూరెడు దూరంలో కూర్చున్నాడు. పక్కన నేను, పిలవకపోయినా. తెర మీద కుక్క, దాని ఇంటి పిల్లవాడు, ఆటలు. అంతలో అది ఏదో లారీ ఎక్కి కునుకు తీసింది, లారీ కదిలింది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. తరువాత కుక్క నదిలో పడింది. "డేమేజ్!" అన్నాడు మామ. తోడేళ్ళు వెంటపడ్డాయి. "డేమేజ్!" మంచులో కాలికి ముల్లో రాయో దిగి కుంటడం మొదలుపెట్టింది. "డేమేజ్, డేమేజ్!" ఒకచోట ఏమీ కాలేదు, కుక్క ఊరికే కొండ మీద నిలబడి తాను వచ్చిన దారిని వెనక్కి తిరిగి చూసింది, అంతే. మామ కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడిచి, "గిది అన్నిటికన్న పెద్ద డేమేజ్," అన్నాడు మెల్లగా. సాంచాల గల్లీలో ఎవరైనా మెల్లగా మాట్లాడడం నేను వినడం అదే మొదటిసారి.

చివరికి కుక్క ఇల్లు చేరింది. నేను హమ్మయ్య అనుకుని, చూపించవచ్చు అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "ఇన్ని డేమేజులతోని మాల్ పాస్ ఎట్లయితది?" అన్నాడు. నేను "మామా, ఇది సినిమా, తాను కాదు," అన్నాను. "పొడుగ్గ ఉన్నది, సుట్ట సుట్టిండ్రు, నడుమల ఖరాబున్నది. తాను కాకపోతే ఏంది?" అన్నాడు. డ్యూటీకి టైమైందని వెళ్ళిపోయాను.

నేను తిరిగి వచ్చేసరికి పని అయిపోయింది. స్క్రూడ్రైవరుతో కేసెట్ విప్పి, లోపలి నల్ల రీలును నేల మీద పరిచి, తిప్పుతూ, ఆపుతూ, మళ్ళీ పెట్టి చూస్తూ, నది, తోడేళ్ళు, మంచు, కొండ, అన్నీ కత్తెరతో తీసేశాడు. కొసలు రెండూ అంటుకునే టేపుతో అతికించాడు. ముందు నేతముడి వేయబోయాడనీ, ముడి వీసీఆర్‌లో దూరదని తానే ఆపిందనీ నా భార్య తరువాత చెప్పింది. మూల ఒక సంచిలో నల్లటి చిందీ కుప్ప.

సాయంత్రం మండపం ముందు గల్లీ అంతా చేరింది. మా అమ్మాయి ముందు వరసలో, ఒళ్ళో గిన్నెతో సహా. సినిమా మొదలైంది. కుక్క ఆడింది, లారీ ఎక్కింది, లారీ కదిలింది. తెర మీద నాలుగు తెల్లగీతలు టపటపా కొట్టుకున్నాయి. కుక్క ఇంటికి వచ్చేసింది. పిల్లవాడు కౌగిలించుకున్నాడు. అయిపోయింది. వినాయకుడి హారతి ఇంతకన్నా ఎక్కువసేపు పడుతుంది. వీసీఆర్ పాడైందనుకుని ఎవరో దాని నెత్తి మీద రెండు దెబ్బలు వేశారు. మామ లేచి నిలబడి, "ఏం ఖరాబ్ కాలే. ఒక్క డేమేజ్ లేని ఫస్ట్ మాల్," అని ప్రకటించాడు.

మా అమ్మాయి లేచింది. "తాతా, నడుమల ఏమైంది?" అంది.

"ఏం కాలే బిడ్డా. మంచిగ వచ్చింది."

"ఏం కాకపోతే గంత బక్కగెందుకైంది? కాలెందుకు కుంటుతున్నది?"

గల్లీ అంతా మామకేసి తిరిగింది. జీవితమంతా ఇతరుల మాలులో తప్పులు పట్టినవాడు, తన అతుకును తన మనవరాలే వెలుగుకు పట్టి చూపిస్తే దిక్కులు చూశాడు. పిల్ల ఊరుకోలేదు. "సచ్చిపోయింది గదా? ఇది ఏరే కుక్క గదా?" అంది, గిన్నెను గుండెకు హత్తుకుని. పిల్ల ఏడుస్తుందనే ఇన్ని పాట్లు పడ్డది. ఇప్పుడు అసలు సినిమాలో లేని చావును పిల్ల తానే కల్పించుకుంది. నా భార్య తండ్రికేసి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

మామ మండపం మెట్టు మీద కూలబడ్డాడు. "ఏరే కుక్క గాదు బిడ్డా. గదే. నడుమల ఒక నది వచ్చింది," అన్నాడు. "ఎంత నది? మన తాపీ నదంతనా?" అన్నారు పిల్లలు. "తాపీ గిట్ల దాని ముందర మురుగు నాలీ." ఇక మొదలుపెట్టాడు. తాను కత్తిరించిందంతా, ఒక్క పోగు వదలకుండా, సాంచాల మీద పెరిగిన గొంతుతో చెప్పాడు. నదిలో ఈదాడు, తోడేళ్ళై మొరిగాడు, కాలు ఈడ్చుకుంటూ మండపం చుట్టూ కుంటాడు. పంచె ఊడబోతే పట్టుకుని కుంటాడు. కొండ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగి, వెనక్కి తిరిగి, పాండేసరా దిక్కుకు కాసేపు అలా చూశాడు. పిల్లలు కూడా అటే చూశారు. ఒక్కరూ ఏడవలేదు. అసలు సినిమా నేను చూశాను గనక చెబుతున్నాను, అది ఇందులో సగం కూడా లేదు.

"గిన్ని అయినంక గూడ ఇంటికొచ్చిందా?" అంది మా అమ్మాయి.

"వచ్చింది."

"మరి మన బాబిన్ ఇప్పుడు యాడుంటది?"

అబద్ధం చెప్పడానికి మామ నోరు తెరిచి, మూసుకుని, "నాకు తెల్వది బిడ్డా. ఏ నది కాడ ఉన్నదో," అన్నాడు. ఆ రాత్రి పిల్ల గిన్నెలో సగం తాతకు పెట్టి, సగం తాను తిన్నది. మర్నాటినుంచి ఇద్దరూ అరుగు మీద కూర్చుని బాబిన్ ఆవేళ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పుకునేవాళ్ళు. అది ఉధనా స్టేషనులో రైళ్ళను బెదిరించింది, వంతెన మీద పోలీసుతో వాదించింది. బాబిన్ రాలేదు. దీపావళికి సాంచాలు ఆగి ఊరంతా చెవులు గింగురుమనేంత నిశ్శబ్దమైనప్పుడు, మా అమ్మాయి తానే లేచి తలుపు వేసి, "దానికి ఆడ మంచి మిల్లుల పని దొరికిందట నాయినా, ఇప్పట్ల రాదట," అని నాకు చెప్పింది, నేను బెంగపెట్టుకోకుండా. కేసెట్టువాడు వచ్చి, "అరే కాకా, యే క్యా కర్ దియా!" అని నెత్తి కొట్టుకుంటే, మామ సంచిలోని చిందీ అతని చేతికిచ్చి, "నీ డేమేజ్ నువ్వే ఉంచుకో," అన్నాడు. మామ పోయి చాలా ఏళ్ళైంది.

ఇక మొన్నటి సినిమా. మొత్తం చూశాను. నది ఉంది, మంచు ఉంది, ఈసారి చిరుతపులి కూడా ఉంది. కుక్క చావదు గాని చాలా దూరం నడుస్తుంది. "చూపించు," అన్నాను. "నడుమల ఏదీ ఎగరగొట్టకు." మా అమ్మాయి తలూపింది. తీరా నది వచ్చేసరికి దాని వేలు దానంతటదే ఫోను మీదికి పోయింది, దాటించడానికి. మనవరాలు తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుని, "రహ్‌నే దో మమ్మీ, నేను సూస్త," అంది. మా అమ్మాయి చెవి పక్కన నెరిసిన వెంట్రుక ఒకటి నాకు అప్పుడే కనిపించింది. నిన్నగాక మొన్న గిన్నె ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్న పిల్ల. కాలానికి కత్తెర ఎవరిచ్చారో గాని, మా మామకన్నా పనితనం గల చేతిలోనే పెట్టారు: నడుమంతా కత్తిరించి రెండు కొసలూ కలిపేస్తుంది, ఎంత వెలుగుకు పట్టి చూసినా అతుకు కనబడదు.