తలుపు మూస్తేనే చల్లబడే గది

బత్తాయిలు చెడిపోకుండా దాచే కోల్డ్ స్టోరేజీలకు లెక్కలు కట్టడం నా ఉద్యోగం. గోడలో ఎంత మందం థర్మకోల్ పెట్టాలో, కప్పు మీద ఏం పరవాలో, నేల కింద ఏం వేయాలో కాగితం మీద గీసిస్తాను. నార్కట్‌పల్లిలో మేముండే ఇల్లు మాత్రం ఎండాకాలం వస్తే రొట్టెల పెనమే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి ఇంట్లో విసనకర్ర పట్టుకున్న రకం.

మా ఆయనకు పక్షవాతం వచ్చాక అది నవ్వుకునే మాట కాకుండా పోయింది. హైవే పక్కన చాయ్ హోటల్ నడిపిన మనిషి, కుడి కాలూ చెయ్యీ పడిపోయి మంచం పట్టాడు. మాట మాత్రం మిగిలింది, కాస్త ముద్దగా. ఎండలు మొదలైన కొత్తలోనే ఒకసారి వేడికి స్పృహ తప్పాడు. చల్లటి గదిలో ఉంచకపోతే ఈ ఎండాకాలం దాటడం కష్టమని దవాఖానలో డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఏసీ పెడితే ఆయనకు దగ్గు తెరలు తెరలుగా వస్తుంది, కాబట్టి అది కుదరదు.

"అన్నను మా ఇంటికి తోల్కపోత వదినె, మాది కింది అంతస్తు, చల్లగుంటది" అంది హైదరాబాదులో ఉండే మా ఆడబిడ్డ.

"నేను రాను. ఆడ నన్నెవరు ఎరుగుతరు?" అన్నాడు ఆయన.

ఇక గది సంగతి నేనే చూడాల్సి వచ్చింది. సెలవు పెట్టి గీతలు గీయడానికి కూర్చున్నాను. పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రంతా ఆ వేడిని గదిలోకి వదులుతుంది, అందుకే మొదట కప్పు పని. స్లాబు మీద గట్టి ఫోమ్ పలకలు, వాటి మీద నీళ్లు దిగకుండా పూత, ఆపైన తెల్ల పెంకులు. పడమటి గోడకు బయట ఇంకో వరస ఇటుక కట్టించి మధ్యలో థర్మకోల్ పెట్టించాను. నేలను మాత్రం ముట్టుకోవద్దని మేస్త్రికి చెప్పాను. కోల్డ్ స్టోరేజీలో నేల కింద కూడా థర్మకోల్ వేస్తాం. ఇక్కడ షాబాదు బండల కింద మట్టి చల్లగా ఉంటుంది, ఆ చలువ మాకు కావాలి. కిటికీలు, తలుపు రాత్రి తెరిచి, పొద్దెక్కకముందే మూసేయాలి. మళ్లీ పొద్దు వాలేదాకా తీయకూడదు. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

పని అయిన మర్నాడు మధ్యాహ్నం గదిలోకి అడుగుపెడితే బావిలోకి దిగినట్టుంది. "మంచిగుంది" అన్నాడు ఆయన. నాకు సంతోషం వేసింది. ఆ ఏడాదిలో నాకు గుర్తున్న సంతోషం అదొక్కటే.

కానీ మా గల్లీలో పట్టపగలు ఎవరూ తలుపు మూయరు. మూశారంటే ఊరికైనా పోయి ఉండాలి, ఇంట్లో గొడవైనా జరుగుతుండాలి. జబ్బు మనిషి ఉన్న ఇంటి తలుపు మూస్తే జనం ఇంకా చెడ్డగా అనుకుంటారు. ఎదురింటామె దబదబా బాది లోపలికి వచ్చింది.

"ఏమైంది వదినె, తలుపు పెట్టుకున్నవ్? నా పానం పోయినంత పనైంది!"

చెప్పాను. అంతా విని, "గట్లనా, మరి మంచిదే" అని, చల్లగా ఉందని సాయంత్రం దాకా కూర్చుంది. తర్వాతి రోజు మరో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చింది. హోటల్‌కు అలవాటైన లారీ డ్రైవర్లు లారీలు ఆపి వచ్చారు. తలుపు తెరవడం, మూయడం, మళ్లీ తెరవడం. మనిషి ఒళ్లు కూడా మా లెక్కలో చిన్న పొయ్యి కిందే జమ. గది మళ్లీ పాత గదే అయింది.

గడియ పెట్టాను. "ఏం సేటూ, పండుకున్నవా?" అని డ్రైవర్లు బయట నుంచి పిలిచారు. నేను పలకలేదు. ఆయన్నీ పలకనివ్వలేదు. కొన్నాళ్లకు పిలవడం మానేశారు. గది చల్లగా నిలిచింది. ఒంటికి వేడి లేదు, సోయి తప్పడం లేదు. ఆయన మాట్లాడటం తగ్గించాడు, తర్వాత తినడం తగ్గించాడు. పొద్దంతా తలుపు వైపే చూసేవాడు.

"తలుపు తియ్యి" అన్నాడు ఒకరోజు.

"వేడొస్తది."

"రానియ్యి. మనుషులు గూడ వస్తరు గద."

"డాక్టరు ఏమన్నడో యాదికున్నదా?"

"యాదికుంది. నేనేమన్న బత్తాయినా, గిట్ల మూసి పెడుతున్నవ్?"

తీశాను.

మళ్లీ అందరూ వచ్చారు. నేను చాయ్ పెడుతూ, తడిగుడ్డతో ఆయన ఒళ్లు తుడుస్తూ ఉండిపోయాను. సగం మూతితోనే నవ్వుతూ ఆయన హోటల్ కబుర్లు చెప్పేవాడు. నాకు కోపం రాలేదు, భయమూ వేయలేదు. లోపల అంతా మొద్దుబారిపోయింది. వానలు పడకముందే, గది నిండా జనం ఉండగా, ఎవరో చెబుతున్న లారీ కథ వింటూ వింటూ పోయాడు. గల్లీ అంతా ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు.

దినాలయ్యాక జనం రావడం తగ్గింది. వాళ్లను ఏమీ అనలేను, పలకరించడానికి మనిషే లేడు. ఇప్పుడు పొద్దున తాళం వేసి పనికి పోతున్నాను. ఎంత ఎండ కాసినా సాయంత్రం వచ్చి తాళం తీస్తే గది నేను గీసినట్టే చల్లగా ఉంటుంది. తలుపు బార్లా తెరిచి, ఆ వేడంతా లోపలికి వచ్చి నాకు చెమటలు పట్టేదాకా, ఆయన మంచం మీద కూర్చుంటాను.